పొగ లేని నిప్పు

"కుంపటి బయట పెట్టు వదినే. లేకుంటే గా కిటికన్న తెరువు."

"పచ్చి బాలింతకు గాలి తగిలితే ఏమైతదో నీకు తెల్వదా? నువ్వు గూడ కన్నదానివే గదా!"

"గాలి తగిలితే చలి పెడ్తది. గాలి లేకుంటే పాణం పోతది."

"నా ఇల్లు, నా బిడ్డ, నా బొగ్గులు. అగ్గిపుల్లను నిలువున చీరి వాడుకునే దానివి, బొగ్గులు కాలుతుంటే నీ పాణం ఉసూరుమంటది గదా!"

వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

వేల్పూర్‌లో మా వియ్యపురాలి ఇంట్లో జరిగిన మాటలివి. నా కోడలు ఆడపిల్లను కని, దవాఖాన నుంచి పుట్టింటికి వచ్చింది. పసుపు తవ్వకాలు మొదలైనా చలి తగ్గలేదు. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టారు. కొత్త పసుపు నింపడానికి తెచ్చిన గోనెసంచులను మడిచి కిటికీ సందుల్లో, తలుపు కింద కుక్కారు. బొగ్గులను వాకిట్లో రాజేసి, పొగంతా పోయి కణకణలాడాకే వియ్యపురాలు లోపలికి తెచ్చేది. పొగ లేదు గనక భయం లేదనుకుంది.

ఆర్మూర్‌లో మా ఇంటి వెనక పసుపు గోదాము కాపలా మనిషి అట్లాంటి నిప్పే పెట్టుకుని తలుపు మూసుకున్నాడు. మళ్ళీ లేవలేదు. ఒంటి మీద కాలిన మచ్చ కూడా లేదు. ఆ సంగతి చెప్పాను.

"వాడు తాగి సచ్చిండు. నా బిడ్డ తాగుతదా?" అంది.

సాయంత్రానికి కోడలు మూలిగింది. "అత్తమ్మా, తలకాయ పలుగుతున్నది. కడుపుల తిప్పుతున్నది."

"పచ్చి ఒళ్ళు, చలి ఎక్కింది" అని తల్లి ఆమె తలకు గుడ్డ బిగించి, కుంపటిలో ఇంకో దోసెడు బొగ్గులు పోసింది. నేను కిటికీలోని సంచి లాగి బయట పారేశాను. ఆమె తెచ్చి మళ్ళీ కుక్కింది. నా కొడుక్కి చెప్పాను. అత్త పెట్టిన కోడికూర తిని, పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"ఊకో అమ్మా, వాళ్ళ రివాజు వాళ్ళది."

కోడలికి పాలు పడలేదు. పసిదానికి డబ్బా పాలే. "ఏడ్సి తల్లిని పండనిస్తలేదు, నాకియ్యి" అన్నాను.

"తీస్కపో, దీంట్ల నీకు ఖర్చేం లేదు" అని వియ్యపురాలు ఇచ్చింది.

పిల్లను గొంగడిలో చుట్టుకుని ముందరి అర్రలో పడుకున్నాను. కోడలిని కూడా రమ్మన్నాను. తల్లి ముఖం చూసి రానంది. ఇద్దరూ లోపల గడియ పెట్టుకున్నారు.

పొద్దున ఎంత కొట్టినా తలుపు తీయలేదు. నా కొడుకు గునపంతో గడియ విరగ్గొట్టాడు. కుంపటి నిండా తెల్లటి బూడిద. వియ్యపురాలు తలుపు దగ్గర బోర్లా పడి ఉంది. ఊపిరి ఆడుతోంది. మంచం మీది కోడలికి ఆడడం లేదు.

దవాఖానలో కళ్ళు తెరిచి వియ్యపురాలు, "బిడ్డకు చలి పెడ్తదేమో, జర చూడు వదినే" అంది.

"పెడ్తలేదు. సచ్చిపోయింది" అని చెప్పాను.

నా చేతుల్లో పిల్ల ఏడుస్తోంది. పాలు కలపడానికి బయటికి వచ్చాను.