చిన్నాయిన గదువ మీద పాత బ్లేడు గాటు

నేనప్పుడు అయిదో తరగతి... ఆదివారం పొద్దుగాల వర్ధన్నపేటల మా ఇంటి వాకిట్ల చిన్నాయిన మొకం నిండ సబ్బు నురుగు పెట్టుకొని కూసున్నడు. మా నాయిన తమ్ముడాయన. ఆ రోజు తొర్రూర్ల ఆయనకు పెండ్లిచూపులు. ఇంట్ల అందరం బస్సుకు తయారైతానం.

రేజర్ల బ్లేడు మొద్దువారిందట. "బిడ్డా, ఉరికి ఒక బ్లేడు తేపో" అని నన్ను పంపిండు.

దుకాణానికి తాళమేసి ఉంది. ఇంకో దుకాణం అంటే బస్టాండ్ అవతలికి పోవాలె... బస్సు పోతదేమోనని నాకు గుబులు. అప్పుడు తాత డబ్బా యాదికొచ్చింది.

మా తాత ఒకప్పుడు కిరాణం దుకాణం నడిపిండు. ఆయన పోయినంక మిగిలిన గుండీలు, సూదులు, బ్లేడ్లు నాయినమ్మ ఒక రేకు డబ్బాల పోసి అటక మీద పెట్టింది. నేను పుట్టకముందటి బ్లేడ్లవి. ఒకటి తీసి మైనపు కాగితం విప్పిన. తళతళ మెరుస్తాంది... కానీ ఒక మూలకు గోధుమరంగు మచ్చ. జంగు పట్టింది, తుప్పన్నట్టు. గౌను అంచుతోని రుద్దిన. పూరాగ పోలే. ఇంతంత మచ్చకు ఏమైతదిలే అనుకొని, కాగితం దాచిపెట్టి ఉత్త బ్లేడు చేతుల పెట్టిన.

చిన్నాయిన తొందరల చూడకుంటనే బిగించుకున్నడు. రెండోసారి గీసెవరకే గదువ తెగింది. తెల్లటి నురుగుల ఎర్రగ నెత్తురు...

పటిక రుద్దుకున్నడు. పేపరు ముక్క అంటించుకున్నడు. అంత తొందరేందిరా అని నాయినమ్మ కోపం చేసింది. బ్లేడు సంగతి ఎవ్వలూ అడుగలే. నేను చెప్పలే.

అప్పుడు యాదికొచ్చింది, బళ్లె సారు చెప్పిన మాట. జంగు పట్టిన ఇనుముతోని తెగితే ధనుర్వాతం వస్తదని, దవడలు బిగుసుకపోయి నోరు తెరువరాదని, మనిషి బతుకుడు కష్టమని...

బస్సుల ఆయన పక్కనే కూసున్న. కిటికీల నుంచి ఏం చూడలే, ఆయన గదువనే చూసిన. ఆయన నోరు తెరిచి మాట్లాడితె నా పానం కుదుటపడేది. ఊకుంటె మళ్ల భయం. అందుకే ఏదో ఒకటి అడుగుకుంట పోయిన... ఇది ఏ ఊరు, ఆ పత్తి చేను ఎవలది, ఇంకెంత దూరం అని. కొంచెం సేపు చెప్పిండు. తర్వాత నా ప్రశ్నలకు యాష్టకొచ్చి కండ్లు మూసుకున్నడు. నేను ఆయన ఊపిరి చూసుకుంట కూసున్న.

పిల్ల వాళ్లింట్ల కుర్చీలేసిన్రు, మిర్చి బజ్జీలు పెట్టిన్రు. పిల్ల చాయ్ పట్టుకొచ్చింది. వరంగల్ల నర్సు ట్రైనింగ్ చేస్తాందట. అందరు తింటాన్రు... చిన్నాయిన మాత్రం ఒక మిర్చిని చిదిమి, చిటికెడు నోట్లేసుకొని పక్కకు పెట్టిండు. ఏమడిగినా పెదవి విప్పకుంట ఊఁ అంటాండు. సిగ్గుపడ్తాండని ఇప్పుడు తెలుస్తాంది. అప్పుడు నాకు మాత్రం... దవడలు బిగిసినయి, అంతే.

ఇంక నాతోని కాలే. పోయి ఆయన రెండు చెంపలు పట్టుకున్న.

"చిన్నాయినా, జర నోరు తెరువు."

మా నాయిన నా దిక్కు కోపంగ చూసిండు. నాకు ఏడుపాగలే.

"ఆ బ్లేడు తాత డబ్బాలది. జంగు పట్టింది. నేనే ఇచ్చిన."

ఆ పిల్ల చాయ్ పళ్లెం కింద పెట్టి నా ముందట కూసుంది. ఎన్నేండ్ల కిందటిది, కాగితం చినిగి ఉండెనా, మచ్చ ఎంతుండె... పెద్దోళ్లను అడిగినట్టు నన్ను అడిగింది. తర్వాత చిన్నాయిన దిక్కు తిరిగి, ధనుర్వాతం సూది ఎప్పుడేపిచ్చుకున్నరని అడిగింది. వాళ్లిద్దరి నడుమ మొదటి మాట అదే. చిన్నప్పుడెప్పుడో అన్నడాయన.

"ఇయ్యాల్నే వచ్చే రోగం కాదిది. ఇయ్యాల సూది ఏపిస్తె సరిపోతది. నువ్వు చెప్పినవు కాబట్టే తెలిసింది" అన్నది నాతోని.

గాటును సబ్బుతోని కడిగిపిచ్చింది. వాళ్ల నాయిన మమ్ముల దవాఖానకు తీస్కపోయిండు. సూదేస్తాంటె చిన్నాయిన చెయ్యి నేనే పట్టుకున్న.

తిరిగొచ్చే బస్సుల తిట్లు పడ్తయని కూసున్న. ఆయన మాత్రం నా తల మీద చెయ్యేసి, "భయమైతె ముందుగాల్నే చెప్పాలె బిడ్డా. నేనేమన్న అంటనా?" అన్నడు.

భయం అంత జల్ది పోలే. రోజూ పొద్దున లేవంగనే ఆయన దగ్గరికి ఉరికేదాన్ని. ఏమనకుంట నోరు పెద్దగ తెరిచి చూపిచ్చి, స్నానానికి పోయేటోడు. ఎన్ని రోజులు అట్ల చేసిండో... ఆ శ్రావణంల పెండ్లైంది. ఆ నర్సు పిల్లే మా చిన్నమ్మ.

మొన్న మా కొడుకు ఆన్‌లైన్ల పాతకాలం బ్లేడ్లు తెప్పిచ్చిండు. ఇప్పటివాటికన్నా మంచిగ గీస్తయట. ఆ పాకెట్ చూడంగనే చిన్నమ్మకు ఫోన్ చేసిన. కాగితం చినగకుంట, చెమ్మ తగలకుంట ఉంటె గీసుకోవచ్చట... జర్రంత జంగు కనవడ్డా మొకానికి పెట్టొద్దట. వాడు సూది ఏపిచ్చుకున్నడో లేదో ముందు అది అడుగుమన్నది.

వానికి చెప్పబోతె, "అన్నీ చూసిన మమ్మీ, ఫోన్ల ఉన్నది" అన్నడు.

నిజమే... ఇప్పుడు ఏ భయానికైనా నిమిషంల జవాబు దొరుకుతాంది, పక్క రూంల ఉన్న మనిషికి కూడ తెల్వకుంట. మేమైతె ఆ జవాబు కోసం పెద్దోళ్ల మొకాలు చూసుకుంట తిరిగేటోళ్లం, వాళ్ల ముందట ఏడిచేటోళ్లం...

మీరు గట్ల కడుపుల పెట్టుకొని మోసిన భయం ఏంది? ఆఖరికి ఎవ్వలికి చెప్పుకున్నరు?