వరస తప్పితే రాని మాటలు

మా ఆయన ధర్మారావు మాస్టారికి నర్సీపట్నంలో ఇంగ్లీషు మాటల మాస్టారని పేరు. సాయంత్రమయ్యేసరికి మా వసారాలో పిల్లలు చేరతారు. ఆయన డిక్షనరీ తెరిచి, నిన్న ఆపిన మాట తర్వాతి మాట ఎత్తుకుంటారు. మాట, పలికే తీరు, అర్థం. ఆయనొకసారి, పిల్లలంతా ఒకసారి, ఎక్కాలు అప్పజెప్పినట్టే. వంటింట్లో చారు కాస్తున్నా నాకు అదే గోల, తల వాచిపోయేది. ఆయన గొంతు బొంగురుపోయి చాలా కాలమైంది. ఇంక మానేయండి అంటే, "మానేసి ఏం చెయ్యను?" అంటారు.

ఈమధ్య పిల్లలు తగ్గారు. అన్నీ ఫోనే చెబుతోందట. మిగిలినవాళ్ళలో మంగ ఒకతి. కొండమీద పిల్ల, కష్టపడి డిగ్రీ పూర్తి చేసింది. తల్లి బుల్లమ్మ జీడిపిక్కల షెడ్డులో పని చేస్తుంది. జీడి కారి కారి ఆవిడ వేళ్ళు నల్లగా పొక్కిపోయి ఉంటాయి. విశాఖలో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో మంగకి ఉద్యోగం వస్తే సరే, రాకపోతే తల్లి పక్కన పీట వేసుకోవడమే. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చిన రోజు మంగని జోగులు తన ఆటోలో మా ఇంటి దగ్గర దింపాడు. జోగులు కూడా ఒకప్పుడు మా వసారాలో చదివినవాడే. ఇప్పుడు కృష్ణదేవిపేటకి షేర్ ఆటో తిప్పుతున్నాడు. మంగ గుమ్మంలోనే కూలబడింది.

"ఏటయిందే?" అన్నాను.

"బ్లీడ్ అంటే ఏటని అడిగారమ్మా. నాకొచ్చు. కానీ పుస్తకంలో దానికి పై మాటలు పట్టుకుంటే గానీ నోటికి రాలేదు. బ్లీచ్ అంటే తెల్లబరచు, బ్లీక్ అంటే బోసిపోయిన, బ్లీట్ అంటే మేక అరుచు అని సెప్పుకొస్తన్నాను. ఇంటర్వ్యూ సేసే మేడం ఆపీసింది. నువ్వు మేక దాటి వచ్చేసరికి మా పేషెంటు రక్తమంతా పోతుందంది. అందరూ నవ్వారు."

సోమవారం ఇంకొకసారి రమ్మన్నారట. అదొక్కటే మిగిలింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మేడం మీద కాదు, ఈయన మీద. "ఎక్కాల్లాగ పాడించారు కదా, మరి ఏడెనిమిదులు ఎంతంటే అది ఏడొకట్ల నుంచి ఎత్తుకోదేటి?" అని కడిగేశాను. ఆయన డిక్షనరీ తెచ్చి, అక్కడో మాట ఇక్కడో మాట అడగబోయారు. నాలుగు మాటలు కాకుండానే ఆయన నోరే వరసలో పడిపోయింది. ఇన్నేళ్ళ అలవాటు ఊరికే పోతుందా! పుస్తకం మూసేశారు.

"వేణీ, కత్తెర ఇలా ఇయ్యి" అన్నారు.

అది ఆయన పెళ్ళికి ముందెప్పుడో కొనుక్కున్న పుస్తకం. దుమ్ము దులపడానికైనా నన్ను ముట్టనిచ్చేవారు కాదు. దాన్ని కూర్చుని ముక్కలు చేశారు. ఒక్కో మాట ఒక్కో చీటీ. కాగితం వెనకవైపు మాటలు సగానికి తెగిపోతున్నా ఆగలేదు. అన్నీ ఖాళీ బియ్యం డబ్బాలో పోసి కలిపారు. అంత కోపంలో ఉన్నదాన్నీ, కింద పడ్డ చీటీలు ఏరి డబ్బాలో వేశాను.

ఆయన చీటీ తియ్యడం, మంగ చెప్పడం. మొదట్లో ఏ మాట అడిగినా ఆ పిల్ల పెదాలు పై మాట కోసం వెతుక్కునేవి.

"పైన ఏమీ లేదమ్మా. కత్తిరించేశాను" అనేవారు ఓపిగ్గా.

వంట మానేసి నేనూ పక్కన కూర్చున్నాను. చెప్పగా చెప్పగా ఆ పెదాలు కదలడం తగ్గింది. సోమవారం పొద్దున్నే మొదటి బస్సుకి పంపించాం.

ఉద్యోగం వచ్చింది. తల్లీకూతుళ్ళిద్దరూ మిఠాయి పట్టుకుని జోగులు ఆటోలోనే వచ్చారు. బుల్లమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన వద్దని లేవదీశారు. ఎన్నాళ్ళకో ఆయన ముఖంలో నవ్వు చూశాను. కడుపు నిండిపోయింది నాకు. జోగులు కూడా గుమ్మంలో నిలబడి మైసూరుపాకు తింటూ, ఆ సంబరంలోనే అనేశాడు.

"మంగకి అదృష్టముంది మాస్టారూ, మించిపోకుండా బేగి సీటీలు కత్తిరించీసినారు. నాను బేంకు ఇంటర్వ్యూకి ఎల్నప్పుడు నాకూ ఇలాగే అయిపోనాది. పై మాట గుర్తురాక నిలబడిపోనాను."

ఆయన ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. "నాకెప్పుడూ చెప్పలేదేరా?" అన్నారు.

"నానొక్కణ్ణే కాదండీ. మా బేచీలో సదివిన సూరన్నకీ అంతే, లోవలక్ష్మికీ అంతే. మీరు గొంతు పోయేలాగ సెప్పినారు కదా, తెలిస్తే బాధపడతారని ఎవులమూ సెప్పలేదు."