పల్లకీ ముందర ఒకటి, అరుగు మీద ఒకటి

నా పేరు మునెమ్మ. వయసు డెబ్బై దాటింది. నగరిలో సాలెవీధి మాది. ఇద్దరు కొడుకులు, కోడండ్లు, రెండు మగ్గాలు. నాకు రాయను రాదు, చెప్తావుంటే మా మనవరాలు రాస్తా ఉండాది. మా పక్కింట్లో నాదస్వరం వాయించే ఆయన, వరసకు నాకు తమ్ముడు, పోయిన నెల కాలం చేసినాడు. ఏడుస్తా చెప్పాల్సిన మాట, కోపంతో చెప్తా ఉండాను. ఎందుకో వినండి.

దినాలు అయినాక గుడి ముందర సంతాప సభ పెట్టినారు. ఉత్సవాల కమిటీ పెద్దాయన మైకు పట్టుకోని, "మహా విద్వాంసుడు. సినిమా పాటల్లో పడి విద్యను చెడగొట్టుకున్నాడు" అన్నాడు. అంతటితో పోనిచ్చినాడా? తండ్రి దగ్గరే నాదస్వరం నేర్చుకున్న తమ్ముడి కూతుర్ని పిలిచి, "సినిమా పాట ముట్టనని ప్రమాణం చెయ్యి, మీ నాయన చోటు నీకిస్తాం. లేదంటే తిరునాళ్లకు వేరే మేళం వస్తాది" అన్నాడు. ఆ బిడ్డ తల దించుకునింది.

తమ్ముడి సంగతి నాకు తెలుసు. ఇద్దరికీ నడాన ఒకటే గోడ. తెల్లార్తో అరుగు మీద కూసోని, నాదస్వరం కొనకు పెట్టే పీకను నోట్లో తడుపుకోని కీర్తన ఎత్తుకునేవాడు. సాయంత్రం టీ అంగడి రేడియోలో కొత్త పాట వస్తే చేతిలో గ్లాసు చల్లారిపోవాల్సిందే. టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొని కండ్లు మూసుకోని కూసునేవాడు.

"ఏమప్పా, నిద్దరపోను దుడ్లిచ్చి వచ్చినావా?" అని మావోళ్లు ఎగతాళి.

"బొమ్మ మీరు సూడండబ్బా, పాట నేను సూస్తా."

సామి పల్లకీ ముందర మాత్రం ఎవురడిగినా సినిమా పాట వాయించలేదు. సామి గుడి చేరినాక మా అరుగు మీదికొచ్చి, "అక్కా, ఇప్పుడడుగు" అనేవాడు. రెండిట్లో ఏది గొప్పదని ఒకసారి అడిగినా. "ఒట్టి సంగటి మింగి సూడక్కా, గొంతులో నిలబడతాది. నంజుకోను ఊరిబిండి వద్దా?" అని నవ్వినాడు.

నా పెనిమిటి పోయినప్పుడు నాకు కంట్లో నీళ్లు రాలేదు, రాయి మాదిరి కూసున్నా. తమ్ముడు ఒక పొద్దు మా గడప ముందర నిలబడి కీర్తన వాయించినాడు. ఆమీట, మా ఆయన మగ్గం మీద కూనిరాగం తీసే సినిమా పాట వాయించినాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. అది చెడిన విద్యా?

ఆ పెద్దాయన కొడుకు పెండ్లికి మేళం ఎవురిది? తమ్ముడిదే. గట్టిమేళం అయినాక, "ఆ కొత్త సినిమా పాట ఎత్తుకో" అనింది ఎవురు? "ఇంగోసారి" అని పంచె ఎగ్గట్టింది ఎవురు? సభలో లేచి ఇదే అడిగినా. "నీకేం తెలుసు సంగీతం, కూసోమ్మా" అన్నారు. కూసోలేదు.

నేను అడిగేది ఒకటే. ప్రమాణాలు వద్దు. యాడ ఏది వాయించాల్నో ఆ బిడ్డకు తండ్రి నేర్పినాడు. ఆమెను పల్లకీ ముందర నిలబెట్టాల.

నిన్న సాయంత్రం పెద్దాయన జవాబు కోసం ఆ బిడ్డ ఇంటికొచ్చినాడు. బిడ్డ అరుగు మీద కూసోని పీక తడుపుకునింది. నాయన నేర్పిన కీర్తన వాయించింది. ఆయన తలూపినాడు. బిడ్డ ఊపిరి తీసుకోని, ఆయన కొడుకు పెండ్లి నాటి ఆ పాట ఎత్తుకునింది. వీధిలో మగ్గాలు ఒకటొకటే ఆగినాయి. పెద్దాయన ముఖం గంటు పెట్టుకోని నిలబడినాడు. చెప్పులో బొటనవేలు మాత్రం తాళమేస్తా ఉండింది.

ఇది నా వేలిముద్ర. ఆ బొటనవేలును చూసిన సాక్షులు: మగ్గం నేసే చెంగల్రాయుడు, టీ అంగడి దొరస్వామి.