ఓనరమ్మకు నేను నేర్పిన రూలు

మా హోసూరు ఓనరమ్మ అనగానే నాకు ఆమె అరచెయ్యి గుర్తొస్తుంది. పంతొమ్మిది వందల తొంభైల్లో ఆమె అద్దె పెంచుతానన్న రోజు, వకీలు ఆఫీసులో టైపిస్టునన్న పొగరుతో రూలు వినిపించాను.

"ఇంటికి కొత్తగా ఏదన్నా చేర్చితే తప్ప అద్దె పెంచేదానికి లేదమ్మా."

"అట్లనా అప్పా?" అని ఆమె వెళ్లిపోయింది. నేను కాలరు సర్దుకున్నాను.

వారంలో పెరట్లో బట్టలుతికే బండ వెలిసింది. ఆమె దాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టి, "కొత్తది ఏసినానప్పా" అంది. అద్దె పెరిగింది. మరుసటేడు వంటింట్లో కడప రాతి అర, ఆపై ఏడాది కిటికీకి దోమల జాలీ. ప్రతిసారీ అదే తట్టుడు. ఇంట్లో నేను నవ్వులపాలయ్యాను.

తర్వాతి ఏడు మా అమ్మ స్నానాలగదిలో జారిపడింది. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేసరికి ఆ గది గోడకు కొత్త ఇనుప కమ్మీ ఉంది. పక్కనే ఓనరమ్మ. ఆమె చెయ్యి లేవకముందే నేను ఎగిరిపడ్డాను.

"మమ్మల్ని అడగకుండా ఏసినదానికి పెంచకూడదమ్మా! దానికీ రూలుంది."

ఆమె కమ్మీని తట్టలేదు. రెండు చేతులతో పట్టుకుని, ఒళ్లంతా బరువేసి వేలాడి చూసింది.

"ఇది రూలుకు ఏసింది గాదప్పా, మీయమ్మకు."

ఆ ఏడు అద్దె మాటెత్తింది నేనొక్కడినే.