అత్త సర్వే నంబరు, నా నమూనా

సూర్యాపేటలో మేడ మీద రెండు గదులే మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ముగ్గురం పనిచేసేవాళ్లం. అందులో మేధావిని నేనే. ఆ సంగతి మిగతా ఇద్దరికీ తెలియదు.

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు మాకు పని ఇచ్చింది. వడ్ల ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరకుండా రైతులకు ఫోన్లోనే టోకెన్లు పంపాలి. రైతు తన సర్వే నంబరు మెసేజ్ పెడితే, అది సరిగా ఉందో లేదో మిషన్ చూసి టోకెన్ ఇస్తుంది. సరిగా ఉండటమంటే ఏమిటో తేల్చే ఘనమైన బాధ్యత నాది. అందుకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒకటుంది. అంకెలు, అక్షరాలు ఏ వరుసలో రావాలో ఒక్క లైనులో నమూనా రాసిపెడితే, ఆ వరుసలో ఉన్నదాన్నే లోపలికి రానిస్తుంది. నేను రాశాను: ముందు అంకెలు, ఒక ఏటవాలు గీత, ఏ నుంచి జెడ్ దాకా ఏదో ఒక అక్షరం, మళ్లీ గీత, మళ్లీ అంకెలు. కోదాడలో నాలుగేళ్ల ఇంజనీరింగ్ ఊరికే పోలేదని మురిసిపోయి, ఆ లైను ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. చూసినవాళ్లలో ఒక్కరికీ అర్థం కాలేదు. నాకు కావలసిందీ అదే.

మిల్లు ఓనరు అడిగితే, "ఒక్క తప్పుడు నంబరు కూడా లోపలికి రాలేదు సార్" అని గొప్పగా చెప్పాను.

గరిడేపల్లి దగ్గర మా మేనత్త ఉంటుంది. మామ పోయాక రెండెకరాలు ఒక్కతే చేసుకుంటోంది. వడ్లు కోయించి రోడ్డు మీద ఆరబోసి నాకు ఫోన్ చేసింది.

"అల్లుడా, పొద్దుగాల్నుంచి కొడుతున్న. తప్పు నంబరంటది. మొగులైంది, వానొచ్చేటట్టున్నది. జర సూడరా."

"మిషన్ తప్పు చెప్పదత్తా. నువ్వే తప్పు కొడుతున్నవ్. పట్టా పుస్తకం ముందట పెట్టుకొని, సూసి కొట్టు."

సరే అంది పాపం. మర్నాడు మళ్లీ చేసింది. నేను మళ్లీ అదే చెప్పాను, ఈసారి కాస్త విసుగ్గా. ఆ సాయంత్రం వాన దంచికొట్టింది.

నాలుగో రోజు, ఆమె తప్పేమిటో ఆమెకే చూపించాలని, మిషన్ వద్దన్న మెసేజ్‌లన్నీ తెరిచాను. అత్త నంబరు ప్రతిసారీ ఒక్కటే: 112/ఆ/2. పట్టా పుస్తకంలో ఎలా ఉందో అచ్చం అలాగే, తెలుగులో. దాని కిందా మీదా ఇంకా ఎందరివో 'ఈ'లు, 'ఉ'లు. తెలుగు రైతుల కోసం తెలుగువాడు రాసిన నమూనాలో తెలుగు అక్షరానికి తప్ప అన్నిటికీ చోటుంది. చూసుకొని తప్పు కొట్టిన ఘనుణ్ని నేనే.

సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. టోకెన్ పంపించి, బస్సెక్కి అత్త దగ్గరికి పోయాను. కుప్ప మీద టార్పాలిన్ పరదా ఉంది, కానీ కింద నీళ్లు చేరి అడుగు వడ్లు తెల్లగా మొలకెత్తాయి. అత్త మొలకలు ఏరుతోంది.

"తప్పు నాదే అత్తా. నా మిషన్‌కు 'ఆ' రాదు" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

"గదేందిరా? పలక మీద నీ చెయ్యి పట్టుకొని దిద్దిచ్చింది నేనే గద. దానికి నేర్పేటప్పుడు మర్సినవా?"

నేను ఆమె పక్కన కూర్చొని మొలకలు ఏరడం మొదలుపెట్టాను.