పడవల ఎస్పొసిటోలు

విన్సెంట్ ఎస్పొసిటో జెర్సీ సిటీలో ముప్ఫై ఏళ్ళు కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక మేడ మీది వాటాను విజయశ్రీ, శ్రీధర్ దంపతులకు అద్దెకిచ్చి, తను కూతురు టెరీసాతో కింద ఉంటున్నాడు. ఎవరొచ్చినా ఆయన ఒక సంగతి చెప్పకుండా పంపేవాడు కాదు. వాళ్ళ ముత్తాతకు ఇటలీలోని నేపుల్స్‌లో పడవలుండేవని, ఎస్పొసిటోలంతా ఆ ఒక్క ఇంటివాళ్ళేనని. టెరీసాకు నీళ్ళంటే భయమున్నా, పడవల వంశం కదా అని ఏడో ఏట పట్టుబట్టి ఈత నేర్పించాడు.

1982 అక్టోబరులో టెరీసా పెళ్ళి కుదిరింది. ప్రెస్ నుంచి వచ్చిన శుభలేఖ నమూనా తెచ్చి విజయశ్రీకి చూపించింది.

"ఏమిటి, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరా?"

"అవును, ఆంథనీ కూడా ఎస్పొసిటోనే. సంతకం మార్చుకునే బాధ లేదు."

"మాలో ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళ వరస. పెళ్ళి మాటే ఎత్తరు."

టెరీసా పకపకా నవ్వింది. "మేనమామ కొడుకుని చేసుకున్నదానివి, నువ్వా నాకు చెప్పేది!"

"శ్రీధర్ ఇంటిపేరు వేరు," అంది విజయశ్రీ. అందులో నవ్వాల్సిందేముందో ఆమెకు అర్థం కాలేదు.

ఇంతలో టెరీసా నవ్వు ఆగింది. "ఆగు విజయా. అందరం ఒకే ఇంటివాళ్ళమని డాడీయే అంటాడుగా."

ఆ సాయంత్రం తండ్రిని అడిగింది. ఆయన పళ్ళెంలోకి చూస్తూ, "దూరపు చుట్టరికం ఉంటే ఉండొచ్చు," అన్నాడు. మర్నాడు టెరీసా ప్రెస్‌కి ఫోన్ చేసి అచ్చు ఆపించింది. ఆమె వేలికి నిశ్చితార్థపు ఉంగరం కనిపించలేదు. పెళ్ళికి ఇంకా ఆరు వారాలే ఉంది.

నాలుగు రోజులు విజయశ్రీకి అన్నం సహించలేదు. శనివారం పొద్దున విన్సెంట్ పెరట్లో అంజూరు చెట్టుకు చలి తగలకుండా గోనెపట్టాలు చుడుతుంటే, దిగివెళ్ళి తాడు పట్టుకుంది.

"నా నోరు ఊరుకోదు అంకుల్. తప్పంతా నాదే."

"నీది కాదులే. మీ ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మా పెద్దల ఊరిపేరు. ఆ పేరున్నవాళ్ళంతా మావాళ్ళే."

ఆయన తాడు బిగించాడు. "మాకు అలాంటి ఊరు లేదు. నేపుల్స్‌లో అనాథాశ్రమం గోడకి తిరిగే చెక్కతొట్టి ఉండేది. బిడ్డని అందులో పెట్టి తిప్పితే లోపల నన్స్ తీసుకునేవాళ్ళు. బయట వదిలేసిన బిడ్డ అనే అర్థంతో ఇంటిపేరు ఎస్పొసిటో అని రాసుకునేవాళ్ళు. ఒక్కో బిడ్డకి ఒక్కో తల్లి. ఇప్పుడు ఆ ఊళ్ళో ఏ వీధిలో ఆ పేరు పెట్టి పిలిచినా నలుగురు తిరిగి చూస్తారు. మా తాతకి తాత అలా వచ్చినవాడే."

"మరి పడవలు?"

"స్కూల్లో మా ఇటలీ పిల్లలే 'దొరికినోడా' అని ఏడిపించేవాళ్ళు. అప్పుడు నేనే కల్పించాను."

"టెరీసాకి చెప్పేయండి అంకుల్."

"అరవై ఏళ్ళ పడవలమ్మా అవి," అన్నాడు. తర్వాత వంటింటి కిటికీకేసి తిరిగి కూతుర్ని కేకేశాడు. వెళ్ళబోతున్న విజయశ్రీని, "నువ్వుండు, తాడు వదలకు," అన్నాడు.

టోపీ తీసి చేత్తో పట్టుకుని, అంతా మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.

"అయితే ఆంథనీకి మనతో ఏ చుట్టరికమూ లేదు."

"ఈ పేరుని బట్టి అయితే లేదు."

"పడవలూ లేవు."

"ఒక్కటీ లేదు."

"లేని పడవల కోసం నన్ను ఆ చన్నీళ్ళలోకి తోశావా డాడీ?"

విన్సెంట్ తల వంచుకున్నాడు. టెరీసా ఆయన కోటు మీది గోనెపీచు దులిపి, లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి వంటింట్లో ఫోన్ డయల్ తిరిగిన చప్పుడు వినిపించింది. టెరీసా ప్రెస్‌వాళ్ళకు పేర్లు చెబుతోంది. ఎస్పొసిటోని ఒక్కో అక్షరమే విడమరిచి చెప్పింది, పెళ్ళికూతురి పేరు దగ్గర ఒకసారి, పెళ్ళికొడుకు పేరు దగ్గర ఒకసారి.

రెండోసారి చెప్పడం అయ్యేదాకా విన్సెంట్ కదలకుండా విన్నాడు. ఆ తర్వాత విజయశ్రీ చేతిలోని తాడు అందుకుని ముడి వేసి, వాన దిగకుండా చెట్టు కొనమీద పాత బకెట్ బోర్లించాడు.