పటం మీద పిన్ని చుక్క

మా పిన్నిది ఉడుంపట్టు. ఆ సంగతి బాబాయికి పెళ్ళైన వారానికే తెలిసింది. మ్యూజియం పెద్దసారుకు తెలియడానికి మాత్రం ఆవిడ రిటైరయ్యే రోజులు రావలసి వచ్చింది.

పిన్ని పనిచేసేది పురుగుల గదిలో. కిటికీ లేదు, కలరా ఉండల వాసన, గోడంతా సొరుగులు. సొరుగుల నిండా సూది గుచ్చిన మిడతలు. వాటిలో వాలుమొహం మిడతలంటే ఆవిడకు ప్రాణం. నుదుటి నుంచి నోటిదాకా మొహం ఏటవాలుగా వెనక్కి దిగుతుంది. మీసాలు మొదట్లో వెడల్పు, కొసకు సన్నం. "గడ్డిపోచకు కళ్ళు పెట్టినట్టుంటుందే" అనేది నాతో.

అందులో ఒక జాతి నదికి అవతలే ఉంటుందని పుస్తకాలన్నీ రాశాయి. పిన్నికి అది ఇవతల, బస్సు డిపో వెనక గడ్డిలో దొరికింది. మ్యూజియం వేయిస్తున్న మిడతల పుస్తకంలో, ఆ జాతి ఎక్కడెక్కడ ఉంటుందో చూపే పటం మీద ఇవతలి ఒడ్డున ఒక్క చుక్క పెట్టించమని అడిగింది.

"గాలికి కొట్టుకొచ్చి ఉంటుందమ్మా, రెక్కలున్న ప్రాణి కదా" అని పెద్దసారు కొట్టిపారేశారు.

పిన్ని ఆ మాట చెబితే నాకు ఒళ్ళు మండింది. పాత పటం గీసినవాళ్ళు అవతలి ఒడ్డునే తిరిగారు. అప్పట్లో వంతెన లేదు. తాము ఆగినచోటే మిడత కూడా ఆగిందని రాసేశారు, అంతే!

వానలు పడగానే పిన్ని వల భుజాన వేసుకుని డిపో వెనక్కి వెళ్ళింది. ఏదో పారేసుకుందనుకుని డ్రైవర్లు కూడా వంగి వెతికారు. రెక్కలు రాని పిల్ల మిడతలు దొరికాయి. కొన్నిటిని వంటింట్లో సీసాలో పెంచింది. బాబాయి పంచదార అనుకుని మూత తీసి కేక పెట్టాడు. పెరిగాక చూస్తే అన్నీ ఆ జాతివే.

వాటితోపాటు ఇంకా రెక్కలు రాని ఒకదాన్ని తీసుకెళ్ళి పెద్దసారు బల్ల మీద పెట్టింది.

"ఇది ఎగిరొచ్చిందంటారా సార్?"

ఆయన దాన్ని వంగి చూశారు. "నిజమేననుకోండి. పుస్తకం అచ్చయిపోయిందిగా. మళ్ళీ వేసినప్పుడు చూద్దాం."

"అప్పటికి నేనుండను. ఇంకెవరు అడుగుతారు?"

పిన్ని నన్ను వెంటబెట్టుకుని తిన్నగా స్టోర్ గదికెళ్ళి కట్టలు విప్పింది. ప్రతి పుస్తకంలోనూ ఆ పటం తీసి, ఇవతలి ఒడ్డున నల్లసిరాతో చుక్క పెట్టడం మొదలుపెట్టింది. ఆరేదాకా పేజీ మూసుకోకుండా పట్టుకోవడం నా పని. కబురందుకుని పెద్దసారు పరుగున వచ్చారు.

"ఏంటమ్మా ఈ పని! ఇక ఆపండి. నాకోసం పక్కన పెట్టించిన పుస్తకం జోలికి మాత్రం రాకండి."

పిన్ని తల ఎత్తలేదు.

"మీ పుస్తకంతోనే మొదలుపెట్టాను సార్."